వాడ కథకు పీట ఏది?

(సోమశిలలో చేసిన ప్రసంగ పాఠం)



2025 ఏప్రిల్‌లో అంతర్జాతీయ బుకర్ బహుమతికి తుది జాబితా వచ్చింది. 6 పుస్తకాలు నిలబడ్డయి. అందులో కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ కథల పుస్తకం 'హార్ట్ ల్యాంప్' ఒకటి. మన కృష్ణమ్మ రాయచూరు మీదుగా ఆ కన్నడ నేల నుంచే సోమశిలకు వస్తది. కాబట్టి ఇది మనకు దూరపు ముచ్చట కాదు.

జాబితా చూసి చదువుకున్నోళ్ళు కొందరు "కథలేనా, నవల కాదా?" అన్నరు. నవల పెద్దది, కథ చిన్నది అని వాళ్ళ లెక్క. ఊరు పెద్దది, వాడ చిన్నది అన్నట్టే ఉంది. మే నెలలో బహుమతి ఆ కథలకే వచ్చింది. ఒక కథల సంపుటికి రావడం అదే మొదటిసారి. 50 వేల పౌండ్లు రాసినామెకు, ఇంగ్లీషు చేసిన దీపా భాస్తికి సమానంగా పంచిండ్రు.

అవి 12 కథలు. 1990 నుంచి 2023 దాకా రాసినవి. ఆమె వకీలు. పత్రికలో పనిచేసింది, బండాయ సాహిత్యోద్యమంలో నిలబడ్డది. ముస్లిం ఆడవాళ్ళు మసీదుకు పోవచ్చన్నందుకు 2000లో వెలిని ఎదుర్కొన్నది. వెలి అంటే ఏందో మన వాడకు ఒకరు చెప్పాలెనా?

మేము అనేది ఇదే. పొద్దంతా నాట్లేసి, వల లాగి వచ్చినోళ్ళకు 400 పేజీలు రాసే తీరిక యాడిది? నాలుగు పేజీలు రాస్తరు. వినేటోళ్ళకూ అంతే పొద్దు. ఒకరు చదివితే పదిమంది వింటరు. కూలి జనానికి కథ అందుకే పనికొస్తది.

మరి తెలుగుల సంగతేంది? 'ఊరబావి' కథ రాసిన కొలకలూరి ఇనాక్‌కు 2018లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కథలకు కాదు, 'విమర్శిని' వ్యాసాలకు. మన జిల్లా గౌరారం బిడ్డ గోరటి వెంకన్నకు 2021లో 'వల్లంకి తాళం' కవిత్వానికి వచ్చింది. సంతోషమే. అకాడమీ కథలకు ఇయ్యదని మేము అనం. 2015లో ఓల్గా 'విముక్త'కు, 2023లో పతంజలి శాస్త్రి 'రామేశ్వరం కాకులు'కు ఇచ్చింది. వాడ నుంచి వచ్చిన కథల పుస్తకానికి ఆ పీట ఎప్పుడని అడుగుతున్నం. రాసినోళ్ళు లేరనడానికి లేదు. ఎండ్లూరి సుధాకర్ 'మల్లెమొగ్గల గొడుగు' 1999లోనే వచ్చింది. గోగు శ్యామల కథలు 2012లో ఇంగ్లీషులకు పోయినయి.

అడుగుతనే ఉందాం. అడుగుతూ కూసోవద్దు. శ్రీశైలం నీళ్ళు ఈ పాత ఊళ్ళను ముంచినప్పుడు గుడి రాళ్ళను విప్పి తెచ్చి గట్టు మీద మళ్ళ కట్టిండ్రు. వాడను అట్ల విప్పి తెచ్చినోళ్ళున్నరా? పట్టా ఉన్నోని భూమికి పరిహారం లెక్క కట్టిండ్రు. పట్టా లేని కూలి మనిషికి పోయిన పనిని ఏ కాగితంల రాసిండ్రు? అది చెప్పగలిగిన ముసలోళ్ళు ఏటేటా తగ్గిపోతున్నరు.

అందుకని ఒక్క పని చేద్దాం. అవ్వ చెప్పాలె, బడికి పోయే పిల్ల రాయాలె. ఏ ఇల్లు యాడుండె, డప్పు ఎవరు కొట్టె, ఏ బావి నీళ్ళు ముట్టనియ్యకపోయిరి - ఉన్నదున్నట్టు నాలుగు పేజీలు. భాష దిద్దొద్దు, మన మాటే ఉండాలె. ముందు వాడల కూసోని చదవాలె. తప్పుంటే ముసలోళ్ళే సరిచేస్తరు. తర్వాత పత్రికకు పంపాలె.

బహుమతి వస్తే తీసుకుందాం, రాకపోతే మళ్ళ అడుగుదాం. కథ మాత్రం నీళ్ళ పాలు కానియ్యొద్దు.

జై భీమ్!