నీళ్లు తేల్చే బొమ్మ

చిత్రకారులూ, ప్రెస్సుల్లో పనిచేసే మిత్రులూ ఒకే చోట కూర్చోవడం అరుదు. అందుకే ఇవాళ సైనోటైప్ గురించీ ఆఫ్‌సెట్ గురించీ కలిపే మాట్లాడతాను. ఒకటి ఎండలో చేసే పని, ఇంకొకటి మిషన్ మీద చేసే పని. కానీ రెండింటిలోనూ బొమ్మను తేల్చేది నీళ్లే.

1842లో ఇంగ్లండులో జాన్ హెర్షెల్ సైనోటైప్‌ను కనిపెట్టాడు. ఫెర్రిక్ అమోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ కలిపి కాగితానికి పూసి, చీకట్లో ఆరబెడతాం. పైన ఆకో నెగటివో పెట్టి ఎండలో ఉంచుతాం. అతినీలలోహిత కిరణాలు తగిలినచోట ప్రష్యన్ నీలం తయారవుతుంది. అది నీటిలో కరగదు. ఎండ తగలనిచోట మందు మాత్రం నీళ్లలో కడిగినప్పుడు కరిగిపోతుంది, తెలుపు బయటపడుతుంది. మరుసటి ఏడాదే అన్నా అట్కిన్స్ కెమెరా లేకుండా సముద్రపు నాచుల్ని కాగితం మీద పరిచి ఈ పద్ధతిలోనే పుస్తకం మొదలుపెట్టింది. 1853 దాకా విడతలుగా తెచ్చింది. అందులోని రాతలూ ఆమె చేతిరాతే, అవీ నీలం మీద తెల్లగా తేలినవే. ఆ ఓపికకు నేను చెయ్యెత్తి నమస్కరిస్తాను.

ఆఫ్‌సెట్‌కు మూలం రాతి అచ్చు. 1796 ప్రాంతంలో బవేరియాలో సెనెఫెల్డర్ సున్నపురాయి మీద జిడ్డుతో గీసి, తడిపి, ఇంకు రాశాడు. తడి ఉన్నచోట ఇంకు నిలవలేదు, జిడ్డు ఉన్నచోట పట్టింది. నేటి ప్లేటు మీదా జరిగేది ఇదే. కాకపోతే ఇంకు ప్లేటు నుంచి రబ్బరు బ్లాంకెట్ మీదికి, అక్కణ్ణుంచి కాగితం మీదికి వెళ్తుంది.

ఈ రెండింటినీ ఒకే కాగితం మీద కలపమని నా సలహా. అప్పుడు ఆఫ్‌సెట్‌లో సయాన్ (నీలం) ప్లేటు వేయకండి, ఆ స్థానం సైనోటైప్‌కే ఇవ్వండి. ప్రష్యన్ నీలం లోతు సయాన్ ఇంకుకు రాదు. పసుపు, మెజెంటా ఇంకులు పారదర్శకం కాబట్టి నీలం మీద పడి ఆకుపచ్చ, ఊదా ఇస్తాయి. నలుపు చాలాసార్లు అక్కర్లేదు.

అసలు కష్టం రిజిస్ట్రేషన్, అంటే రంగులు సరిగ్గా ఒకదాని మీదొకటి పడటం. తడిసిన కాగితం సాగుతుంది, ఆరాక మునుపటి కొలతకు సరిగ్గా రాదు. కాబట్టి కాగితాన్ని ముందే ఒకసారి నానబెట్టి ఆరబెట్టండి. తర్వాత సైనోటైప్ పూర్తిచేసి, బరువు కింద చదును చేసి, ఆఖరున ఆఫ్‌సెట్‌కు పంపండి. వరస మారిస్తే రంగులు పక్కకు జరుగుతాయి. ఇంకో జాగ్రత్త, క్షారం ఈ నీలానికి శత్రువు. బోరు నీళ్లలో క్షారం ఉంటే మొదటిసారి కడిగే నీళ్లలో కాస్త నిమ్మ ఉప్పు వేయండి. మిషన్‌లో ప్లేటును తడిపే ఫౌంటెన్ నీళ్లు సాధారణంగా కొంచెం ఆమ్లమే, వాటితో భయం లేదు.

ప్రెస్సు యజమానులకు ఒక విన్నపం. ప్లేట్లు నేరుగా కంప్యూటర్ నుంచి వస్తున్నాయి కనుక మీ పాత ఎక్స్‌పోజింగ్ మిషన్లు మూలన పడి ఉంటాయి. వాటి వాక్యూమ్ ఫ్రేమ్ నెగటివ్‌ను కాగితానికి గట్టిగా అదిమిపట్టుకుంటుంది, దీపం కావలసిన కిరణాలనే ఇస్తుంది. వానాకాలంలో ఎండ లేనప్పుడు సైనోటైప్ వేసేవాళ్లకు అంతకంటే మంచి సాధనం లేదు. దయచేసి వాటిని తుక్కుకు అమ్మకండి, ఈ చిత్రకారులకివ్వండి.