రాగి బిస్కెట్‌లో గోధుమ ఎక్కడిది? ప్యాకెట్ వెనక్కి తిప్పండి!

నా చేతిలో ఉన్నది రాగి బిస్కెట్ల ప్యాకెట్. ఇలాంటి ప్యాకెట్ వల్లే పోయినేడాది మా అక్క చేత గట్టిగా తిట్లు తిన్నాను.

అప్పుడు మా మేనల్లుడికి ఆరేళ్లు. తిన్నది ఒంటికి పట్టేది కాదు, ఎప్పుడూ కడుపు ఉబ్బరం, మోషన్స్. రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేశాక డాక్టర్ గారు సీలియాక్ డిసీజ్ అన్నారు. అంటే గ్లూటెన్ లోపలికి వెళ్తే మన రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. వైద్యం ఒక్కటే, జీవితాంతం గ్లూటెన్ మానేయడం. "కొంచెమే కదా" అనడానికి లేదు.

రాగుల్లో గ్లూటెన్ ఉండదు కదా అని నేను వాడికి రాగి బిస్కెట్లు పట్టుకెళ్లాను. వాడు రెండు తినేశాడు. అక్క ప్యాకెట్ తిప్పి చూసి, "ఒరేయ్, కోడ్‌లో ఒక్క సెమీకోలన్ లేకపోతే పట్టేస్తావు, ఇది కనబడలేదా?" అంది. లిస్టులో మొదటి పేరే గోధుమపిండి! ఆ రాత్రి వాడు కడుపునొప్పితో ఏడుస్తుంటే పక్కనే కూర్చున్నాను. అది ఇప్పటికీ మర్చిపోలేదు.

అప్పటి నుంచి నేను చూసే పద్ధతి ఇదీ.

ఒకటి, ప్యాకెట్ ముందు వైపు నమ్మను. "నో మైదా" అంటే ఆటా ఉండొచ్చు, ఆటా కూడా గోధుమే. మల్టీగ్రెయిన్, మిల్లెట్, ఎగ్‌లెస్... వీటిలో ఏదీ గ్లూటెన్ ఫ్రీ అని అర్థం కాదు.

రెండు, ఇంగ్రీడియెంట్స్. బరువులో ఎక్కువున్నది ముందు రాస్తారు. అయినా చివరిదాకా చదవాలి. మైదా, ఆటా, సూజీ, బార్లీ, రై కనిపిస్తే పక్కన పెట్టేయండి. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కూడా అంతే, అది సాధారణంగా బార్లీ నుంచే వస్తుంది. మసాలా బిస్కెట్లలో ఇంగువ ఉందేమో చూడండి. పొడి ఇంగువలో చాలాసార్లు గోధుమపిండి కలుపుతారు.

మూడు, లిస్టు కింద అలెర్జెన్ లైను. "కంటెయిన్స్ వీట్" అంటే గోధుమ ఉన్నట్టే. "మే కంటెయిన్ వీట్" అంటే అదే ఫ్యాక్టరీలో గోధుమ తగిలే అవకాశం ఉందని. మేం అదీ కొనం.

నాలుగు, "గ్లూటెన్ ఫ్రీ" అన్న మాట. ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్ ప్రకారం అలా రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. "లో గ్లూటెన్" వేరు, అందులో 100 దాకా ఉండొచ్చు. సీలియాక్ ఉన్నవాళ్లకి అది పనికిరాదు.

మరి బేకరీలో విడిగా అమ్మేవి? బియ్యప్పిండి కేకే అయినా, అదే టేబుల్, అదే ట్రే, చుట్టూ మైదా. అందుకే వాటి జోలికి వెళ్లం.

ఇంకో ముఖ్యమైన మాట. వీడియో చూసి మీ అంతట మీరే గోధుమ మానేయకండి. సమస్య లేనివాళ్లు మానాల్సిన పనే లేదు. అనుమానం ఉంటే ముందు టెస్ట్ చేయించుకోండి, ఎందుకంటే మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా రిపోర్టులో కనబడకపోవచ్చు.

మొన్న సూపర్ మార్కెట్‌లో మావాడే ఒక ప్యాకెట్ తిప్పి, వేలు పెట్టి కూడబలుక్కుని చదివి, "మామయ్యా, ఇందులో మాల్ట్ ఉంది, వద్దు" అన్నాడు. నాకంటే వాడే ముందు చూశాడు!

ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న ఒక బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పండి. ఏం కనిపించిందో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, బై!