నీరు తేటగా నున్నంత చాలునా?

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో గావించిన ప్రసంగము)



బరంపురము బజారులో చేపను కొనునపుడు మనము మొప్పల యెఱుపును, కంటి తేటను చూతుము. ఈ పరీక్షకు దొరకని దోష మొకటి కలదు. అది పాదరసము.

ఋషికుల్యా నది సముద్రమును చేరు గంజాము కడ 1960ల దశకమున కాస్టిక్ సోడా కర్మాగారము వెలసినది. ఉప్పునీటినుండి సోడాను తీయుటకు అందు పాదరసమును వాడిరి. 1980ల దశకమున బరంపురము విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ పరిసరముల నీటిని, మట్టిని, మొక్కలను పరీక్షించి పాదరసపు జాడను వెల్లడించిరి. తరువాత మన దేశమున ఈ పరిశ్రమ పాదరస పద్ధతిని క్రమముగా విడిచినది. అయినను పాదరసము మూలధాతువు, కుళ్లదు, నశింపదు. నదిలో కలిసినది ఒండ్రున దాగును.

ఒండ్రులోని సూక్ష్మజీవులు దానిని మిథైల్ పాదరసముగా మార్చును. నాచును పురుగు, పురుగును చిన్నచేప, చిన్నచేపను కొరమీను తినుకొలది విషము హెచ్చును. హెచ్చిన కొలది చేపకు మొప్పలు చెడి ఊపిరి కష్టమగును, కాలేయము, మూత్రపిండములు, మెదడు దెబ్బతినును, సంతానము తగ్గును. అయినను అట్టి చేప పైకి బాగుగనే కనుపింపవచ్చును. ఈ విషము కండనే పట్టియుండుటచే కడిగినను, పులుసు కాచినను పోదు.

జపానులోని మినమాతలో 1956లో ఈ వ్యాధి బయల్పడినది. కర్మాగారపు నీరు చేరిన సముద్రపు చేపలే కారణము. ఆరోగ్యముగ కనుపించిన తల్లులకును మెదడు చెడిన బిడ్డలు పుట్టిరి. ఆ ఊరి పేరిట 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందమును భారతదేశము 2018లో ధ్రువపఱచినది.

చేపను మానుడని మేము చెప్పము. అది బిడ్డలకు మంచి బలము. గర్భిణులకును, పసివారికిని పెద్ద వేటచేపలకంటె చిన్నచేపలు మేలు. కర్మాగారపు కాలువల కడ పట్టినవి వలదు. పగిలిన పాదరసపు థర్మామీటరును, ట్యూబులైటును చెరువుగట్టున పాఱవేయకుడు. వానిలోనిదియు ఈ విషమే. ఈ మాటను మన తెలుగిండ్లలోనే గాక ఒడియా పొరుగువారికిని చెప్పుడు. నది యందఱిది.

నీరు తేటగా నున్నదిగదా యని యూరకుండక, అందేమి కలిసినదని యడుగు అలవాటు మన పిల్లలకు కలిగెనేని, ఈ పాఠశాలలో మేము చెప్పు విజ్ఞానశాస్త్రము సార్థకమైనట్లే.