వేటకు చోటు లేదు, జాడ చూసే విద్యకు ఉంది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ!

బొంతపల్లి నుంచి నర్సాపూర్ అడవి దగ్గరే. సెలవుల్లో కుందేళ్లు, కౌజుపిట్టలు కొట్టడానికో, నక్కల్ని పట్టడానికో సర్కారు భూమి ఎక్కడుందని మీలో కొందరు మమ్మల్ని అడుగుతుంటారు. ఎక్కడా లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, తొమ్మిదో సెక్షన్ ఈ జీవాల వేటను నిషేధించింది. అడవిలోనే కాదు, సొంత చేనులోనూ అంతే. చంపితేనే నేరం అనుకోకండి. ఉచ్చు పెట్టినా, వల వేసినా, గూటిలో గుడ్లు తీసినా వేట కిందికే వస్తుంది.

"మన తాతలు వేటాడలేదా?" అంటారు. వేటాడారు. అయితే 2006 అటవీ హక్కుల చట్టం అడవి బిడ్డలకు సాగు భూమి మీద, తేనె, తునికాకు మీద హక్కులిచ్చింది గానీ, వేటను మాత్రం పేరుపెట్టి మరీ మినహాయించింది. గిరిజనులమని చెబితే కేసు ఆగదు. కొలువులకు దరఖాస్తు పెట్టే వయసు మీది. పోలీసు విచారణలో ఆ కేసు బయటికొస్తుంది. ఇక పందుల కోసమని కరెంటు తీగ పెడితే, తెల్లారేసరికి దాని మీద పడేది పక్క చేను రైతే కావచ్చు.

మరి తాతల విద్య పోవాల్సిందేనా? అక్కర్లేదు. అడుగుజాడ చూసి ఏ జంతువు ఎటు పోయిందో చెప్పడమే ఆ విద్యలో సగం. నాలుగేళ్లకోసారి జరిగే పులుల గణనలో అడవి సిబ్బంది జాడలు, పెంటలే వెతుకుతారు. బీట్ ఆఫీసర్ కావాలనుకునే వాళ్లకు ఇది చేతికందిన చదువు.

ఈ సెలవుల్లో పెద్దల దగ్గర కూర్చోండి. పది జాడలు గీసి, వాటి పేర్లు మన ఇంటి భాషలో రాసుకురండి. హాస్టల్ గోడకు అంటిద్దాం.