తెలుగు పుస్తకం, గ్రంథస్వామ్యం, చేతిలోని ఫోను



తెలుగు చదివే ప్రతి ఇంటికీ సంబంధించిన ఒక చట్టపు కథకు ఈ బెంగుళూరే రంగస్థలం. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన డాక్టర్ రాజ్ రెడ్డి గారు లోకంలోని పుస్తకాలను కంప్యూటరు ద్వారా అందరికీ అందించాలని సంకల్పించారు. ఆ సంకల్పానికి భారతీయ రూపమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. 2000 తరువాతి సంవత్సరాలలో ఆచార్య ఎన్. బాలకృష్ణన్ గారి ఆధ్వర్యంలో ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థ దానికి కేంద్రమైంది. వేలాది తెలుగు గ్రంథాలు పుట పుటా స్కాన్ చేయబడ్డాయి. పల్లె గ్రంథాలయపు బీరువాలో చెదలకు ఆహారం కావలసిన పుస్తకం అమెరికాలోని తెలుగింట తెరుచుకుంది. తరువాత గ్రంథస్వామ్యపు చిక్కుల వలన ఆ సేవ నిలిచిపోయింది.

చిక్కు ఎక్కడ వచ్చింది? 1957 నాటి గ్రంథస్వామ్య చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆపై అరవై ఏళ్లు హక్కు నిలుస్తుంది. మొదట అది యాభై ఏళ్లే. 1941లో మరణించిన రవీంద్రనాథ ఠాగూరు రచనలపై హక్కు ముగిసే వేళ, 1992లో మరో పదేళ్లు చేర్చారు. 1915లో గతించిన గురజాడ రచనలు అందరివీ. 1979లో గతించిన చలం రచనలకు 2039 చివరి వరకు, 1983లో గతించిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరి వరకు రక్షణ ఉంది. స్కానింగు యంత్రానికి ఈ భేదం తెలియదు గదా!

రచయిత కుటుంబానికి దక్కవలసినది దక్కడం న్యాయమే. అయితే అంగట్లో దొరకని పుస్తకం, వారసులెవరో తెలియని పుస్తకం సంగతి ఏమిటి? 2012 సవరణ తరువాత 31ఎ సెక్షన్ క్రింద అట్టివాటి ప్రచురణకు అనుమతి కోరవచ్చు. కాని ముందుగా దేశంలో అధికభాగం చెలామణి అయ్యే ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన వేయించాలి. తెలుగు పుస్తకానికి ఇంగ్లీషు ప్రకటన! ఆ ఖర్చు భరించి ముందుకు వచ్చే పుస్తకాభిమానులు ఎందరుంటారు?

ఇంటి సంగతికి వస్తే, స్వంత పఠనానికి, పరిశోధనకు న్యాయమైన మేరకు ప్రతి తీసుకోవడాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. అదే ప్రతిని వాట్సాప్ బృందంలోని వందలమందికి పంపడం స్వంత పఠనం కాదు. కంప్యూటరు ప్రోగ్రాముల విషయంలో చట్టం మరింత కఠినం. కొన్నవారు భద్రతకై ఒక ప్రతి దాచుకోవచ్చు. దొంగ ప్రతి అని తెలిసీ కంప్యూటరులో వాడితే 63బి సెక్షన్ జైలుశిక్షను సైతం విధిస్తుంది.

పేటెంటు వేరు. అది దరఖాస్తుతో, పరీక్షతో వచ్చే ఇరవై ఏళ్ల హక్కు. ఫోను కొనేవారు దాని భారాన్ని ధరలోనే మోస్తారు. కంప్యూటరు ప్రోగ్రాముకు, కేవలం ప్రోగ్రాముగా, మన దేశంలో పేటెంటు లేదు. 2004 డిసెంబరు నాటి ఆర్డినెన్సు ఆ తలుపును కొంత తెరవజూసింది; 2005లో పార్లమెంటు దానిని అంగీకరించలేదు. తెలుగు టైపుకై చిన్న ప్రోగ్రాము వ్రాసుకునే యువకునికి ఇది చిన్న మేలు కాదు.

చట్టాన్ని మార్చకుండానే తలుపు తెరిచినవారూ ఉన్నారు. కన్నడ రచయిత నిరంజన గారి రచనలను 2014లో వారి కుటుంబం క్రియేటివ్ కామన్స్ అనుమతితో లోకానికి విడుదల చేసింది. తెలుగు రచయితల వారసులలో ఎందరికో ఈ మార్గం ఉన్నదనే తెలియదు. పూర్వ విద్యార్థులలో అట్టి కుటుంబాలవారు ఉంటే, ఒక్క సంతకంతో తాతగారి పుస్తకం మళ్లీ పాఠకులను చేరుతుంది.

ఈ సంచిక విషయమూ అంతే. ఇందులోని వ్యాసాలపై హక్కు, వేరే ఒప్పందం లేనంతవరకు, వ్రాసినవారిదే. రేపు పాఠశాల దీనిని అంతర్జాలంలో ఉంచదలచితే ఒక్కొక్కరి వ్రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. హక్కునే పాఠశాలకు బదలాయిస్తే, ఆ పత్రంలో కాలపరిమితిని కూడా వ్రాయించుకోవాలి. వ్రాయకపోతే చట్టం దానిని ఐదేళ్లుగానే లెక్కిస్తుంది.