పళ్లెంలో తేడా
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



పిల్లల పోషణ గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు ఆజ్ఞాపించారు. నేను డాక్టరును కాను, ఉర్దూ మీడియం బడిపంతులును. పిల్లవాడు ఐదేళ్లు నిండాక మా చేతికొస్తాడు. కాని కడుపులో పడ్డది మొదలు రెండేళ్లు నిండేవరకు, సుమారు వెయ్యి రోజుల్లో జరిగిన లోటును ఆ తర్వాత పూడ్చడం బహు కష్టం. మొక్కకు నీళ్లు పోయకుండా మాను ఎదగలేదంటే ఏం లాభం?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 35 మందికి పైగా వయసుకు తగ్గ ఎత్తు లేరు. జనాన్ని కలిమిని బట్టి ఐదు భాగాలు చేస్తే, అట్టడుగు భాగంలో ఇలాంటి పిల్లలు 46 మంది, అన్నిటికన్నా పై భాగంలో 23 మంది. అంటే రెట్టింపు! బడి ముఖం చూడని తల్లుల పిల్లల్లో 46 మంది, పన్నెండేళ్లు, ఆపైన చదివిన తల్లుల పిల్లల్లో 26 మంది. తెలంగాణలో 2015-16లో 28 ఉండగా, ఈ సర్వే నాటికి 33 అయింది.

దేశంలో ధాన్యం లేకనా? బియ్యం ఎగుమతిలో మనది అగ్రస్థానం. అన్నం ఉన్నది, పక్కన పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర లేవు. ఆరు నెలలు దాటి రెండేళ్లు నిండని పిల్లల్లో తగిన ఆహారం అందేది నూటికి 11 మందికే. పేదల వీధిలో మురుగు పారుతుంది, నీళ్లు చెడతాయి, బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. ఇక తిన్నది ఒంటికెలా పడుతుంది?

ఇంట్లోనూ తేడా ఉంది. అందరూ తిన్నాక మిగిలింది తల్లి తింటుంది. రక్తం లేని తల్లికి తక్కువ బరువు బిడ్డ పుడుతుంది. కలిగిన ఇళ్లలో సైతం 23 మంది ఉన్నారంటే, డబ్బొక్కటే చాలదని తెలుస్తూనే ఉంది.

అంగన్‌వాడీ పథకం 1975 నుంచి ఉన్నది. గర్భిణి పేరు, బిడ్డ పేరు అక్కడ రాయించండి. నెలనెలా తూకం వేయించండి. ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వండి. అవి నిండగానే పాలతోపాటు మెత్తని పప్పన్నం మొదలుపెట్టండి. చదవలేని తల్లికి తూకం కార్డు చదివి చెప్పండి. మన సంఘం ఇచ్చే సరుకుల్లో బియ్యంతోపాటు పప్పు, గుడ్లు చేర్చాలని కార్యవర్గానికి మనవి. సభ్యులు తలా ఒక వీధి చూసుకుంటే, వచ్చే వార్షికోత్సవానికి మన మహల్లా పిల్లల తూకాల లెక్క ఇదే వేదికపై చదువుకోవచ్చు.