కోదాడ యాదిలో కత్తి కాంతారావు
(కోదాడలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



కోదాడలో నిలబడి కాంతారావు గురించి చెప్పుడంటే తాతకు దగ్గులు నేర్పినట్టే. అయినా ఈ సభలో సగంమంది పాతికేళ్ల లోపు పిల్లలే ఉన్నారు. వాళ్లకోసం ఈ నాలుగు ముచ్చట్లు.

తాడేపల్లి లక్ష్మీకాంతారావు 1923 నవంబర్ 16న ఇక్కడికి దగ్గర్లోని గుడిబండలో పుట్టిండు. మద్రాసు పోయి, 1953లో హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘ప్రతిజ్ఞ’తో హీరో అయిండు. ఆ తర్వాత విఠలాచార్య చేతిలో పడ్డడు. ‘జయవిజయ’, ‘కనకదుర్గ పూజామహిమ’, ‘గురువును మించిన శిష్యుడు’, ‘నవగ్రహ పూజామహిమ’, ‘జ్వాలాద్వీప రహస్యం’... ఇట్ల వరుసబెట్టి వచ్చినయి. గుర్రం, కత్తి, రాకుమారుడు. ఇంటిపేరు మాయమై ‘కత్తి’ ఇంటిపేరయింది.

మా చిన్నప్పుడు జొన్న దంట్లే మా కత్తులు. చేను కోసిన తెల్లారి నుంచే యుద్ధం మొదలు. ఒక్కటే తకరారు, రాజనాల ఎవరు కావాలె? ఏ పోరడూ ఒప్పుకునేటోడు కాదు. అందరం కాంతారావులమే. ఆఖరికి అందర్లోకి చిన్నోడి నెత్తిన రాజనాల పడేది, వాడు ఏడ్చుకుంట దెబ్బలు తినేది. సినిమా చూసొచ్చిన పెద్దోళ్లు మాత్రం కత్తియుద్ధం కంటే ‘మనోడు’ అన్నమాటే ఎక్కువసార్లు అనేది. లక్ష్మణుడు మనోడు, నారదుడు మనోడు. 1963లో ‘లవకుశ’ వచ్చినప్పుడు బండ్లు కట్టుకొని పోయిన తరం అది. తెరమీద లక్ష్మణుడు సీతను అడవిలో దించి వెనక్కి తిరుగుతుంటే, ఆ ఏడుపులో కొంత సీతకోసం, కొంత మనూరోడి కోసం. అదే ఏడు ‘నర్తనశాల’లో ఆయన కృష్ణుడు.

ఇక్కడ మాకొక మాట తోస్తుంది. సాంఘిక సినిమా హీరో మాట్లాడిన భాష కృష్ణా, గోదావరి జిల్లాలది. మన యాస తెరకెక్కితే చాలాకాలం రౌడీ నోట్లోనో, నౌకరు నోట్లోనో, నవ్వించేటోడి నోట్లోనో ఉన్నది. నారదుడి భాష, రాకుమారుడి భాష ఏ జిల్లాదీ కాదు. అది పుస్తకాల భాష. నల్లగొండ జిల్లా పోరడు ఆ తలుపులోంచి లోపలికి పోయి నిలదొక్కుకున్నడంటే, భాష అడ్డంరాని చోట ప్రతిభ ఎంత దూరం పోతదో చూడండి. జగ్గయ్యపేట కూతవేటు దూరంలో ఉన్నదని కోదాడోళ్లది తెలంగాణ మాటే కాదని వెక్కిరించే మనోళ్లు కూడా ఉన్నారు. వాళ్ల సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.

డెబ్బయ్యో దశకంలో జానపదాలు తగ్గినయి, కత్తికి పని తగ్గింది. ‘సప్తస్వరాలు’, ‘గుండెలు తీసిన మొనగాడు’ లాంటి సొంత సినిమాలు తీసి ఆస్తి పోగొట్టుకున్నడు. నాలుగు వందలకు పైగా సినిమాల్లో చేసినోడు ముసలితనంలో చిన్నచిన్న వేషాలతో, టీవీ సీరియళ్లతో బతుకు ఈడ్చిండు. 2009 మార్చి 22న హైదరాబాద్‌లో క్యాన్సర్‌తో పోయిండు. తెలంగాణ ప్రకటన అదే ఏడు డిసెంబర్ 9న వచ్చింది. రాష్ట్రం 2014లో వచ్చింది.

ఇయ్యాల ఆయన పేరు ప్రభుత్వ పురస్కారం మీద ఉన్నది. 2025లో ఇచ్చిన గద్దర్ సినిమా అవార్డుల్లో కాంతారావు పేరుతో ఒకటి, కరీంనగర్ బిడ్డ పైడి జైరాజ్ పేరుతో ఒకటి ఉన్నయి. జైరాజ్ హిందీ సినిమాలో వెలిగి, 1980 ఏడాదికి ఫాల్కే అవార్డు అందుకున్న మనిషి. సంతోషమే. కానీ అవార్డు హైదరాబాద్ వేదిక మీద ఇస్తరు. యాది కోదాడలో, గుడిబండలో అరుగుల మీద ఉన్నది. అది ఏ ఫైలులోనూ లేదు.

విద్యార్థి తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీతోటి మాకు పని ఉన్నది. ‘లవకుశ’ నాటికి పదేళ్లున్నోళ్లకు ఇప్పుడు డెబ్బై దాటింది. సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుడు మీకు మేం నేర్పాల్సిన పని లేదు. ఏ టాకీసులో చూసిండ్రు, టికెట్ ఎంత, బండి ఎవరిది, ఎవరెవరు పోయిండ్రు, అన్నీ అడగండి. వాళ్ల మాటను వాళ్ల యాసలోనే రాయండి, దిద్దకండి. ఉద్యోగ మిత్రులు కాగితం, అచ్చు ఖర్చు చూసుకుంటరు. ముందు గుడిబండ నుంచి మొదలుపెట్టండి. అందర్లోకి పెద్దవయసోళ్ల ఇండ్లకు ముందు పోండి.